మూడో ప్రకటన

మా పెద్దమామయ్య కుర్చీలో కూర్చుని ఉన్నా ఎక్కడికో బయలుదేరినవాడిలాగే కనిపించేవాడు. వృత్తికి దర్జీ. వారమంతా మిషను తొక్కిన కాలు ఆదివారం గుడిలో కూడా ఊరుకునేది కాదు. విశ్వాస ప్రమాణం చెబుతున్నంతసేపూ తెల్లటి అంగీ అంచు కింద కుడిపాదం లేచి పడుతూ ఉండేది. ముందు బెంచీలో కూర్చునే ముసలమ్మలు దాన్ని చూసి, ఇవాళ ఉపదేశి ప్యాంటు కుడుతున్నాడా చొక్కా కుడుతున్నాడా అని చెవులు కొరుక్కునేవాళ్లు. పాదం జోరుగా ఆడితే ప్యాంటు, ఆగి ఆగి ఆడితే కాలరు అని వాళ్ల లెక్క.

ఉపదేశి అంటే అయ్యగారు కాదు. అయ్యగారు లేనప్పుడు గుడిని నడిపించే మనిషి. మా గుడికి సొంత అయ్యగారు ఎప్పుడూ లేరు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఒక్కరే ఉండేవారు. ఆయన నెలకోసారి మోటారు సైకిలు మీద వచ్చి, రొట్టెనూ ద్రాక్షరసాన్నీ ఆశీర్వదించి సంస్కారం ఇచ్చి, బాప్తిస్మాలు ఉంటే ఇచ్చి, ఎండ ముదరకముందే ఇంకో ఊరికి వెళ్లిపోయేవారు. మిగతా ఆదివారాలు గుడి మామయ్యది. గంట కొట్టడం దగ్గర్నించి అచ్చేసి పంపిన ప్రసంగం చదవడం దాకా ఆయనే. రోగుల్ని చూడ్డం, పిల్లలకు ప్రశ్నోత్తరాలు నేర్పడం, అయ్యగారు వచ్చేలోపు శవం ఆగేట్టు లేకపోతే తానే ముందు నడిచి మట్టి చేయించడం కూడా ఆయన పనే.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఆశీర్వదించకూడదు. పాప క్షమాపణ మాటలు అయ్యగారైతే జనం వైపు తిరిగి "మిమ్మును క్షమించును గాక" అంటారు. ఉపదేశి అయితే జనంతో పాటు మోకాళ్ల మీదే ఉండి "మమ్మును" అనాలి. ఇన్నేళ్లలో ఒక్కసారి నోరు జారినా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. అయినా మామయ్య ఆ ఒక్క మాట దగ్గరికి రాగానే గుంట అంచున నడిచేవాడిలా నెమ్మదించేవాడు.

అత్యవసరమైతే ఎవరైనా బాప్తిస్మం ఇవ్వొచ్చనే నియమం ఆయనకు ఒకే ఒకసారి పనికొచ్చింది. ఊళ్లో ఒక ఇంట్లో బిడ్డ నీలంగా పుట్టి ఊపిరి అందక కొట్టుకుంటుంటే, పరుగున వెళ్లి మంచినీళ్ల గ్లాసుతోనే బాప్తిస్మం ఇచ్చి వచ్చాడు. ఆ బిడ్డ బతికాడు. బతకడమే కాదు, ద్వారబంధానికి తల తగిలేంత ఎదిగి ట్రాక్టరు తోలుతూ, కొట్టు ముందు ఆగినప్పుడల్లా, "ఉపదేశి తాతా, నీ చేత్తో ఇచ్చిన బాప్తిస్మం గట్టిదే, కుట్టిన గుండీలే ఊడిపోతున్నాయి" అని వెక్కిరించి పోయేవాడు.

నిజానికి ఆ గుండీలు మామయ్య కుట్టినవి కావు. గుండీలూ కాజాలూ చేతి కుట్లూ అన్నీ మా పిన్ని పని.

పిన్ని అంటే మా అమ్మకు చెల్లెలు, మామయ్యకు అందరికంటే చిన్న చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోయాడు. అప్పటికే మామయ్యకూ భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయన వెళ్లి ఆవిడ రేకుపెట్టె బస్సు మీదికెక్కించి తన ఇంటికి తీసుకొచ్చాడు. ఆ ఇల్లు ముందు గది కొట్టు, వెనక గది వంట, మధ్య గదిలో పిన్ని మంచం. మామయ్య కొట్టులోనే, బట్ట కత్తిరించే బల్ల పక్కన పడుకునేవాడు. పెరట్లో తీగ మీద ఊరి బట్టలతో పాటు గుడి బల్ల మీద పరిచే తెల్ల గుడ్డలు ఆరుతూ ఉండేవి. వాటికి గంజి పెట్టడం, ఇస్త్రీ చేయడం పిన్ని వంతు. ఆరాధనలో జనం చెప్పాల్సిన జవాబులు అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా చెప్పేదీ ఆవిడే. ఆవిడ అందుకుంటేనే మిగతావాళ్లకు గొంతు వచ్చేది.

చెల్లెల్ని కళ్లలో పెట్టుకుని చూసుకుంటున్నాడని ఊరంతా మామయ్యను మెచ్చుకునేవాళ్లు. అయ్యగార్లు మారినప్పుడల్లా, కొత్తాయనకు మామయ్యను చూపించి ముందు ఆ మాటే చెప్పేవాళ్లు, ఉపదేశి అన్న మాట ఆ తర్వాత. మామయ్య తల వంచుకుని నవ్వేవాడు. ఆ మెప్పు ఆయన ఒంటికి కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.

అలాంటి ఇంట్లోకి వడ్రంగి వచ్చాడు.

వచ్చింది ఇంట్లోకి కాదు, గుడిలోకి. ఉపదేశి నిలబడి చదివే మెట్టుకూ, సంస్కారం తీసుకునేటప్పుడు మోకరించే పలకకూ చెదలు పట్టాయి. పక్క ఊరి వడ్రంగిని పిలిపించారు. నడివయసు మనిషి. మంచాన పడిన తల్లికి సేవ చేస్తూ పెళ్లి మాట ఎత్తకుండానే ఏళ్లు గడిపేశాడు, ఆవిడ ఆ మధ్యే పోయింది. మాటలు తక్కువ. కొత్త పలక బిగించాక పిన్ని వెళ్లి దాని మీద మోకరించి చూసి, ఇది సన్నగా ఉంది, ముసలివాళ్ల మోకాళ్లు జారతాయి అంది. అతను ఊడదీసి వెడల్పుగా చేశాడు. ఆవిడ మళ్లీ మోకరించి చూసి ఎత్తు ఎక్కువైందంది. తగ్గించాడు. పని అయిపోవాల్సిన రోజు దాటి చాలా రోజులు ఆ పలక దగ్గరే నడిచింది. మామయ్య ఆ వారాల్లో ఒక్కసారీ అటు చూడలేదు, స్కూలు యూనిఫారాల కాలం.

వడ్రంగిని పెళ్లి చేసుకుంటానని పిన్ని నేరుగానే చెప్పింది. వినగానే మామయ్య మిషను మీంచి లేచి వీధిలోకి వెళ్లి నిలబడ్డాడట. రోడ్డుకు ఆ చివరికీ ఈ చివరికీ నడిచి, తిరిగొచ్చి, అయ్యగారితో మాట్లాడతానన్నాడు. మాట్లాడాడు. పెళ్లి గురువారమని ఖాయమైంది. చెల్లెలికి రెండో పెళ్లి చేస్తున్నాడు, ఎంత మనసు అని ఊరు మళ్లీ మెచ్చుకుంది. ఆ మెప్పు కూడా ఆయన తొడుక్కున్నాడు గానీ, ఈసారి చంకల దగ్గర బిగుతుగా ఉన్నట్టుంది.

మా గుడిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానావారి కుమారుడికీ ఫలానావారి కుమార్తెకూ పెళ్లి చేయబోతున్నాం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని జనం అందరిలో అడగాలి. రెండో వాక్యపాఠం అయ్యాక, కీర్తనకు ముందు దాని చోటు. అయ్యగారు లేని ఆదివారాల్లో దాన్ని చదవాల్సింది ఉపదేశి. అలా ఇన్నేళ్లలో ఊళ్లో సగం కాపురాలకు ఆయనే ఆ ప్రశ్న వేశాడు. ఎవరూ ఎప్పుడూ లేవలేదు.

మొదటి ఆదివారం చెల్లెలి పేరు చదివేటప్పుడు గొంతు మామూలుగానే ఉంది. పెళ్లికూతురు తన ప్రకటన తాను కూర్చుని వినడం బాగుండదని పిన్ని ఇంట్లో ఉండిపోయింది. ఆవిడ లేకపోవడంతో ఆ రోజు జవాబులు నీళ్లు కలిసినట్టు పలచగా వచ్చాయి. ఆరాధన అయ్యాక వడ్రంగి గుమ్మం దగ్గర చెయ్యి కలిపి, "వస్తాను బావగారూ" అన్నాడు. మామయ్య అతని చెయ్యి వదలకుండానే, "ఇంకా రెండు ప్రకటనలున్నాయి" అన్నాడు. పక్కనున్నవాళ్లు అది సరసం అనుకుని నవ్వారు.

రెండోదీ అయింది.

మూడో ఆదివారం తెల్లవారేసరికి వాన. గుడికి వచ్చే దారిలో కల్వర్టు మీంచి నీళ్లు పారుతున్నాయని, ఊరికి అవతలి పక్కన ఉన్నవాళ్లెవరూ దాటలేరని పాలవాడు చెప్పి పోయాడు. ఇవతలి పక్క ఇళ్లలో కొట్టాలు కారుతూ, గొడ్లు బెదిరి, ఎవరి గోలలో వాళ్లున్నారు. మామయ్య గొడుగు వేసుకుని వెళ్లి గంట కొట్టాడు. కాసేపాగి మళ్లీ కొట్టాడు. అంగీ తొడుక్కుని మెట్టు మీద నిలబడ్డాడు. ఒక్క మనిషి రాలేదు.

ఇంకెవరైనా అయితే తాళం వేసి ఇంటికొచ్చేవాళ్లు. గంట కొట్టాక ఆరాధన చెప్పి తీరాలని ఆయన పట్టింపు. మొదలుపెట్టాడు. ఉపదేశి మాట తాను చెప్పి, జనం జవాబూ తానే చెప్పాడు. రెండింటికీ ఒకే గొంతు బాగుండదని, జనం వంతు వచ్చినప్పుడు కాస్త తగ్గించి, వినయంగా చెప్పాడట. కీర్తనలో ఒక చరణం తాను, ఒక చరణం జనం. మోకరించాడు, లేచాడు, మళ్లీ మోకరించాడు. రేకుల మీద వాన హోరుకు తన మాట తనకే వినిపించక చివరికి అరుస్తున్నాడు. ఇదంతా చాలా ఏళ్ల తర్వాత ఆయనే నాతో చెప్పాడు, చెబుతూ కూడా బల్ల మీద కత్తెరను అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాడు.

రెండో పాఠం అయింది. ప్రకటన తీశాడు. పేర్లు చదివాడు. "వీరిరువురికిని పరిశుద్ధ వివాహము జరుగకూడదనుటకు తగిన అభ్యంతరమేదైనను మీలో ఎవరికైనను తెలిసినయెడల ఇప్పుడే తెలుపవలెను. ఇది మూడవసారి, కడసారి అడుగుట" అని చదివి తలెత్తాడు.

ఆ మాట తర్వాత కాసేపు ఆగాలి. ఎంతసేపో పుస్తకంలో లేదు. ఎప్పుడూ అయితే ఎవరో దగ్గుతారు, చంటిపిల్ల ఏడుస్తుంది, బెంచీ కిర్రుమంటుంది, ఆ సందడిలో ఆ మౌనం ఇట్టే జారిపోతుంది. ఆ రోజు జారిపోనివ్వడానికి ఎవరూ లేరు. వాన కూడా ఒక్క నిమిషం నెమ్మదించింది. ఖాళీ బెంచీలు వరసగా ఆయన వంకే చూస్తున్నాయి. కాలు ఆగిపోయింది. ఆ గుడిలో అభ్యంతరం ఉన్న మనిషి ఒకరున్నారని అప్పుడు తెలిసింది ఆయనకు.

"నాకుంది" అన్నాడు.

గట్టిగా కాదు. పొద్దుట్నించీ జనం తరఫున జవాబులు ఏ గొంతుతో చెబుతున్నాడో ఆ గొంతుతోనే అన్నాడు.

ఆ తర్వాత ఆరాధన ఎలా ముగించాడో ఆయనకే గుర్తులేదు. తాళం వేసి, గొడుగు లోపలే మరిచిపోయి తడుస్తూ ఇంటికొచ్చాడు. ఎవరైనా వచ్చారా అని పిన్ని అడిగితే, వానకు ఎవరొస్తారని మాట తప్పించాడు. చదివావా అని ఆవిడ అడగలేదు. అన్న చదవకుండా ఉంటాడన్న అనుమానం ఆవిడకు ఎందుకొస్తుంది?

ఎవరూ వినని మాటను ఇంకొకరైతే తడిచొక్కాతో పాటు విప్పేసి ఉండేవారు. "మమ్మును" అనాల్సిన చోట ఒక్కసారి కూడా "మిమ్మును" అనని మనిషికి అది కుదరలేదు. గుడిలో, ఆరాధనలో, అడగాల్సిన చోట అడిగితే, చెప్పాల్సిన చోట జవాబు వచ్చింది. అభ్యంతరం వస్తే అది తేలేదాకా పెళ్లి ఆపాలని నియమం. చెప్పింది తానైనంత మాత్రాన అది రానట్టా? చెబితే చెల్లెలి పెళ్లి ఆగుతుంది. చెప్పకపోతే, గురువారం పొద్దున అయ్యగారు వస్త్రాల గదిలో, ప్రకటనలన్నీ చదివారా, ఎవరైనా లేచారా అని మామూలుగా అడిగినప్పుడు, లేదండి అని అబద్ధం చెప్పి, అదే నోటితో ఆరాధన నడిపించాలి.

సోమవారం ఆయన వడ్రంగి పెళ్లి కోటు కుట్టాడు. సాయంత్రానికి చేతులు బిగించి తీగకు తగిలిస్తే, కుడి చెయ్యి ఎడమకూ ఎడమ చెయ్యి కుడికీ కుట్టి ఉన్నాయి. మిషను ఎక్కిన నాటి నుంచి అలాంటిది చేసి ఎరగడు. పిన్ని ఆ కోటు వంకా అన్న వంకా మార్చి మార్చి చూసి, మాట్లాడకుండా తెచ్చుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఆయన బస్సు స్టాపు దాకా వెళ్లి, బస్సు వస్తే ఎక్కకుండా తిరిగొచ్చాడు. నూలు తేవడానికి వెళ్లానన్నాడు. నూలు తేలేదు.

మంగళవారం ఎక్కాడు. బస్సులో కూడా నిలబడే వెళ్లాడట, సీట్లున్నా.

అయ్యగారు ఇంటి ముందు మోటారు సైకిలు చక్రం ఊడదీసుకుని ఉన్నారు. వయసులో మామయ్యకంటే బాగా చిన్న, ముక్కుసూటి మనిషి. సంగతి అంతా విన్నారు. విన్నదాని మీద నమ్మకం కలగక మళ్లీ అడిగారు.

"ఉపదేశిగారూ, గుడిలో ఎవరున్నారు?"

"నేనండి."

"అడిగిందెవరు?"

"నేనేనండి."

"మరి లేచింది?"

"లేవలేదండి, నిలబడే ఉన్నాను."

అయ్యగారు స్పానరు కింద పెట్టారు. "కారణం ఏం చెప్పారు?"

"కారణం చెప్పలేదండి. ఉందని మాత్రం అన్నాను."

"కారణం చెప్పకపోతే అది అభ్యంతరం కాదండీ, గొణుగుడు. గొణుగుడికల్లా ఆపేట్టయితే నేనింతవరకు ఒక్క పెళ్లీ చేసుండేవాణ్ణి కాదు."

మామయ్యకు ఊపిరి తిరిగింది. అయితే అయ్యగారు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గేటు దాకా నడిచి, అక్కడే కాసేపు నిలబడి, వెనక్కి వచ్చారు. అభ్యంతరాన్ని తీసేయొచ్చు గానీ, ఎవరూ లేనప్పుడు చదివానన్నారే, దాన్ని తీసేయలేనన్నారు. ఒక్కణ్ణే ఉన్నా ఆరాధన ఆరాధనే కదా అని మామయ్య అన్నాడు.

"ఆరాధన దేవుడికి. అది అందింది. ప్రకటన జనానికి. అది బెంచీలకు అందింది." ఆయన గొంతులో కోపం లేదు. "విన్నవాళ్లు లేకుండా అడిగాం అనిపించుకోలేను. రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే మాట పడేది మీ చెల్లెలు. వచ్చే ఆదివారం మళ్లీ చదవండి. సోమవారం నేనొచ్చి పెళ్లి చేస్తాను."

బిషప్‌గారి దగ్గర ప్రత్యేక అనుమతి తేవచ్చేమోనని మామయ్య సణిగాడు. ఆయన ఊళ్లో లేరు, తిరిగొచ్చేది ఆ వారం దాటాకే. మామయ్య గేటు దాకా వెళ్లాక అయ్యగారు వెనకనుంచి పిలిచారు. "ఇంట్లో వాన సంగతే చెబుతారో, మీ సంగతి కూడా చెబుతారో మీ ఇష్టం. నేనైతే ఎవరితోనూ అనను."

తిరుగు బస్సులో ఆయన కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి పిన్ని గురువారానికని బల్ల గుడ్డ ఇస్త్రీ చేస్తోంది. మామయ్య గుమ్మంలోనే నిలబడి వాన సంగతి చెప్పాడు. జనం లేరు కాబట్టి మూడోది లెక్కలోకి రాదు, పెళ్లి సోమవారం అన్నాడు. పిన్ని ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, వడ్రంగి అక్కా వాళ్లూ రేపు బయలుదేరి వస్తున్నారు, మా అక్క రేపొస్తోంది, ఇప్పుడెవరికి ఏం చెప్పాలని అడిగింది. మా అక్క అంటే మా అమ్మ. ఆయన లోపలికొచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు.

కాసేపటికి ఆవిడే, "ఎవరూ రాలేదని అయ్యగారికి ఎవరు చెప్పారు?" అంది.

"నేనే."

"ఎందుకు?"

వాన అని చెప్పాడు కాబట్టి అక్కడితో ఆగిపోవచ్చు. నియమం కదా అంటే ఆవిడ నమ్ముతుంది కూడా. ఆయన బల్ల మీది కొలత టేపు తీసి వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"కోటుకి చేతులు మార్చి కుట్టినప్పుడే అనుకున్నాను అన్నయ్యా. ఇంకేదో ఉంది. చెప్పు."

చెప్పాడు. ప్రశ్న అడిగి ఆగడం, ఆ గొంతు, ఆ ఒక్క మాట. పిన్ని ముఖంలో ఏ మార్పూ రాలేదట.

"సరే, ఉందన్నావు. ఏముంది?"

"కాజాలెవరు కుడతారు?" అన్నాడు మామయ్య.

పిన్ని నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయనకు భయమేసింది. "కాజాలకి మనిషి దొరుకుతుంది. అసలుది చెప్పు."

"చెల్లెల్ని చూసుకున్నవాడు అంటారు నన్ను. నువ్వెళ్లాక ఏమంటారు?"

పిన్ని గుడ్డను మడత మీద మడత పెట్టింది. మూలలు కలవలేదు, విప్పి మళ్లీ పెట్టింది. "చూసుకున్నావు. కాదన్లేదు. ఊరు నిన్ను మెచ్చుకుంటుంటే పక్కనే నిలబడి నేనూ నవ్వాను. కానీ అన్నయ్యా, నా పెట్టె బస్సెక్కించిన రోజున అభ్యంతరం నాకూ ఉండొచ్చుగా. నన్నెవరడిగారు, మూడు ఆదివారాలు?"

మామయ్య కొలత టేపును బల్ల మీద పెట్టేశాడు.

"మగపెళ్లివాళ్లకి నువ్వే వెళ్లి చెప్పు, నేను చెప్పను" అని ఆవిడ వంటగదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు మేం దిగేసరికి ఇంట్లో ఇద్దరూ ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. అన్నం ఒకే గిన్నెలోది, మాటలు మాత్రం మా అమ్మ ద్వారా అటూ ఇటూ నడిచాయి. మామయ్య పక్క ఊరు వెళ్లి వచ్చాడు. వడ్రంగి అక్క అప్పటికే దిగి ఉందట. పెళ్లి సోమవారానికి వాయిదా పడిందని విన్నాక, "దర్జీవాళ్లు చెప్పిన రోజుకి బట్టలే ఇవ్వరు, ఇక చెల్లెల్ని ఇస్తారా" అందట గడప మీద నిలబడి, వీధికంతా వినబడేట్టు. వడ్రంగి ఆవిడను లోపలికి పంపి, ఇన్నాళ్లు ఆగాను, నాలుగు రోజులకేముంది, ఆదివారం వస్తాను అన్నాడు. అంతా మర్యాదగానే. కానీ సాగనంపేటప్పుడు "ఉపదేశిగారూ" అన్నాడు. ఆ బావగారు అన్న పిలుపు పోయిందని మామయ్య మా అమ్మతో రెండుసార్లు చెప్పాడు. ఆ పిలుపు వద్దన్నది ఆయనే.

ఊళ్లో ఎవరికీ అసలు సంగతి తెలియదు. వానే పెళ్లి ఆపిందనుకున్నారు. పాపం ఉపదేశి, చెల్లెలి పెళ్లికి ఎన్ని తిప్పలు పడుతున్నాడో అని దారిలో ఆపి మరీ ఓదార్చారు. ఆ ఓదార్పులకు ఆయన మెలికలు తిరిగిపోయాడు. శుక్రవారం, శనివారం మిషను ఒక్క నిమిషం ఆగలేదు. ఏం కుడుతున్నాడా అని నేను తొంగి చూస్తే, మిషనులో బట్ట లేదు.

ఆదివారం గుడి నిండింది. కల్వర్టు అవతలివాళ్లూ ఇవతలివాళ్లూ వచ్చారు. క్రితం వారం రాలేకపోయినందుకు ఎవరి తప్పును వాళ్లు దిద్దుకుంటున్నట్టు పెందలాడే వచ్చి కూర్చున్నారు. వడ్రంగి తన అక్కతో ఒక పక్క. మేం ఇంకో పక్క. మొదటి గంటకు పిన్ని ఇంట్లోనే ఉంది. రెండో గంట కొట్టాక, తన ప్రకటన తాను వినకూడదన్న సిగ్గును పక్కన పెట్టి, నడవా మధ్యలోంచి నడిచి వచ్చి ముందు బెంచీలో, మెట్టుకు సూటిగా కూర్చుంది. ముసలమ్మలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఆ రోజు జవాబులు గోడలు అదిరేలా వచ్చాయి. ఆవిడ ఒక్క జవాబూ వదల్లేదు, ఒక్కసారీ అన్న వంక చూడలేదు.

రెండో పాఠం అయింది. మామయ్య ప్రకటన తీసి, ఇద్దరి పేర్లూ, తండ్రుల పేర్లూ చదివాడు. అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలపాలని చదివాడు. మూడవసారి, కడసారి అన్నాడు. తలెత్తాడు.

అప్పుడు చూసింది పిన్ని.

ఆ మౌనం ఎంతసేపు సాగిందో నేను చెప్పలేను. అంత నిండిన గుడిలో ఎవరూ దగ్గలేదు. వడ్రంగి తన చేతుల వంక చూసుకుంటున్నాడు. అతని అక్క మెడ చాచి అటూ ఇటూ చూసింది, ఎవరు లేస్తారా అన్నట్టు. మామయ్య పుస్తకం మూయలేదు, పేజీ తిప్పలేదు. ఆయన ఒక్క మాటా అనకుండా కీర్తనకు వెళ్లిపోతే, ప్రకటన ముగిసినట్టే. పెళ్లీ జరుగుతుంది, మెప్పూ మిగులుతుంది. అయ్యగారు చెప్పరు. పిన్ని చెప్పదు.

"పోయిన ఆదివారం ఈ గుడిలో ఒకరు అభ్యంతరం చెప్పారు" అన్నాడు.

అది పుస్తకంలో లేని మాట. ఆయన గొంతులో పుస్తకంలో లేని మాట ఆ గుడి ఎప్పుడూ వినలేదు. బెంచీలన్నీ ఒకేసారి కిర్రుమన్నాయి.

"చెప్పింది నేనే. నా చెల్లెలు వెళ్లిపోతే నాకు బాగుండదని చెప్పాను. అంతకు మించి కారణం లేదు. ఇవాళ అది కూడా లేదని..." ఇక్కడ ఆగి, గొంతు సర్దుకుని, అలవాటైన దారి దొరికినట్టు స్వరం దించి, మెల్లగా ముగించాడు. "...మీ అందరి ముందు, దేవుని ముందు, ఒప్పుకుంటున్నాను."

ఆయన ప్రార్థనలన్నీ సరిగ్గా ఆ స్వరంలోనే దిగి ముగిసేవి. వెనక బెంచీల్లో చెవులు సరిగా వినపడని పెద్దవాళ్లు, మాటలు అందకపోయినా ఆ దిగుడు పట్టుకుని, "ఆమేన్" అన్నారు. వాళ్లంటే మధ్య బెంచీలవాళ్లు అన్నారు. వడ్రంగి అన్నాడు. ఎందుకో తెలియకుండా అతని అక్క కూడా అంది.

పిన్ని అనలేదు. ఆవిడ అప్పటికే కీర్తన పేజీ తీసి, లేచి నిలబడింది.